కవళ్ళు దిగాయా?

పోయిన నెలలో మా బాబాయి చనిపోయాడు. పెద్దకర్మ రోజు పొద్దున్నే మధురవాడ నుంచి ఆటోలో పెదజాలారిపేట వెళ్ళాను. సందులోకి ఆటో పట్టదు కాబట్టి మొదట్లోనే దిగి నడక మొదలుపెట్టాను. నాలుగడుగులు వేశానో లేదో వాసన తగిలింది. ఎవరింట్లోనో కవళ్ళు, అదే సార్డైన్ చేపలు, వేపుతున్నారు. ఉప్పు, పసుపు, కారం పట్టించిన చేపని పెనం మీద వేయగానే దాని కొవ్వు కరిగి పైకి లేచే వాసన అది. నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి.

వెళ్తున్నది చావింటికి. అయినా ఆ క్షణంలో నా కళ్ళ ముందు నిలబడింది బాబాయి కాదు, మా మామ్మ. తల మీద చుట్టకుదురు, దాని మీద తడి కారుతున్న తట్ట, మోకాళ్ళ దాకా ఎగగట్టిన చీర, చెవికి బరువుగా వేలాడే బంగారు కమ్మలు. ఆమె పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ వాసనకి మాత్రం ఆ సంగతి తెలియదు.

మా చిన్నప్పుడు పేటలో ఎవరూ ఎవరినీ బాగున్నావా అని అడిగేవారు కాదు. "దిగాయా?" అని అడిగేవారు. ఏవి దిగాయో చెప్పక్కర్లేదు. కవళ్ళే. బడి నుంచి వస్తూ పిల్లలం అడిగేవాళ్ళం. పెద్ద వాల్తేరు కరకచెట్టు పోలమాంబ గుడి దగ్గర బంధువులు ఎదురైతే వాళ్ళూ అదే అడిగేవారు. దిగాయంటే ఆ ఇంట్లో అందరూ బాగున్నట్టే.

*

మా తాత తెప్ప మీద వెళ్ళేవాడు. ఇప్పటి పిల్లలు తెప్ప చూసి ఉండరు. తేలిక కర్ర దుంగలు మూడో నాలుగో పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించి కట్టేది. దానికి అంచులు లేవు, లోపల అనేదే లేదు, నీళ్ళు పైనుంచి వచ్చి పైనుంచే పోతాయి. ఒడ్డుకి రాగానే కట్లు విప్పి, దుంగల్ని ఇసుక మీద ఆరబెట్టేవారు. ఆరిన దుంగల మీద మేం పిల్లలం కూర్చుని చింతపిక్కలాడేవాళ్ళం. ఉప్పు పట్టిన ఆ కర్ర వాసన కూడా ఇప్పుడు పేటలో లేదు. ఫైబర్ పడవకి రంగు వాసన, డీజిల్ వాసన తప్ప ఇంకేమీ ఉండదు.

సంక్రాంతి దాటాక కవళ్ళ కోసం చూపులు మొదలయ్యేవి. తాత చీకటితోనే లేచి నీళ్ళలోకి మోకాలి లోతు దిగి కాసేపు అలా నిలబడేవాడు. చలికి కాదు, మొక్కడానికీ కాదు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూసుకునేవాడు. ఒక్కోరోజు వెనక్కి వచ్చి, "అడుగు నీళ్ళు పైకొచ్చినాయి. ఇంక ఎన్నాళ్ళో లేదు" అనేవాడు. ఆ మాటకి అర్థం నాకు పదేళ్ళ తర్వాత యూనివర్సిటీ క్లాసులో తెలిసింది. అది తర్వాత చెబుతాను.

కవళ్ళ గుంపు వస్తే దూరం నుంచే తెలిసేది. నీళ్ళ మీద ఒక మచ్చ, మబ్బు నీడ పడ్డట్టు. పైన మబ్బు ఉండదు, నీడ మాత్రం కదులుతుంటుంది. దాని మీద పక్షులు గిరగిరా తిరిగి రాళ్ళలా పడేవి. గాలి లేని రోజయితే చప్పుడు కూడా వినిపించేదని తాత చెప్పేవాడు. వేల చేపలు ఒక్కసారి పైకి తేలి తోకలు కొడితే వాన పడ్డట్టే ఉంటుందట. అమావాస్య రాత్రుళ్ళు ఇంకో రకం. చేప కదిలిన చోటల్లా నీళ్ళు వెలుగుతాయి. ఆ వెలుగు పరచుకున్న తీరు చూసి అది కవళ్ళ గుంపో, కానాగంతల గుంపో చెప్పగలిగేవాళ్ళు మా పేటలో ముగ్గురు నలుగురు ఉండేవారు. తాత అందులో ఒకడు.

గుంపు ఒడ్డుకి దగ్గరగా వచ్చిందంటే పెద్ద వల వేసేవారు. నావ వలని మోసుకుని సముద్రంలో అర్ధచంద్రంలా తిరిగి వచ్చేది. రెండు కొసల తాళ్ళు ఒడ్డున రెండు జట్ల చేతుల్లో. ఇక "హైలెస్సా" మొదలయ్యేది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, బడి ఎగ్గొట్టిన పిల్లలు, ఎవరు తాడు పట్టుకుంటే వాళ్ళకి వాటా. వల దగ్గరపడేకొద్దీ ఆ పాట వేగం పెరిగేది. చివరి పది గజాల్లో పాట ఆగిపోయేది, ఊపిరి తప్ప ఏమీ వినిపించేది కాదు. తర్వాత ఒక్కసారిగా వెండి. నీళ్ళంతా ఉడుకుతున్నట్టు తెల్లగా తుళ్ళింత. దాని పక్కన నిలబడితే సన్నటి పొలుసులు ఎగిరి మొహానికి, జుట్టుకి అతుక్కునేవి. ఆ పొలుసులతోనే బడికి వెళ్తే టీచర్ గారు ముక్కు మూసుకునేవారు. నాకు ఏమాత్రం సిగ్గేసేది కాదు. పొలుసులు అంటుకున్న రోజు మా ఇంట్లో అన్నం ఉందని అర్థం.

వేలం పాట ఇసుక మీదే. తట్టల్లెక్కన పాడేవారు. పెద్ద చేపలైతే పుంజీల్లెక్క. పుంజీ అంటే నాలుగు. మామ్మకి చదువు రాదు, లెక్క మాత్రం తప్పదు. పాడుకున్న తట్ట ఎత్తుకుని గబగబా నడక. పెద్ద వాల్తేరు, చిన వాల్తేరు, సిరిపురం. సెలవు రోజుల్లో నేనూ వెనకాల. "కవళ్ళోయ్, పచ్చి కవళ్ళోయ్" అని ఆమె అరిచిన అరుపు రెండు వీధుల అవతలకి వినిపించేది. కొన్ని ఇళ్ళ ముందు అరవకుండా దాటేసేది. అవి తినని ఇళ్ళని ఆమెకి తెలుసు, ఆ గుమ్మాల ముందు తట్టలోంచి నీటి చుక్క కూడా పడనిచ్చేది కాదు.

మధ్యాహ్నానికి అమ్ముడుపోకపోతే ఉప్పులోకి, ఎండలోకి. ఇసుక మీద పరిచిన కవళ్ళకి కాకుల కాపలా నాదీ మా చెల్లిదీ.

*

ఇక దిగని ఏళ్ళు.

అవీ ఉండేవి. ఒక ఏడు ఇసుక మీద కాలు పెట్టే చోటు లేకుండా కవళ్ళు. ధర పడిపోయి, తీసుకునేవాడు లేక, కొబ్బరిచెట్ల మొదళ్ళలో ఎరువుగా వేసిన రోజులు కూడా చూశాను. ఆ మరుసటి ఏడు సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, ఉగాది వచ్చింది. తాత రోజూ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వచ్చి మాట్లాడకుండా కూర్చునేవాడు. నీళ్ళు చల్లగానే ఉన్నాయట. పక్షులు కూడా వచ్చాయట. చేప లేదు.

మా అత్త పెళ్ళి అలాంటి ఏడే ఆగిపోయింది. సంబంధం వాళ్ళు మంచివాళ్ళు, "కవళ్ళు దిగాక చూద్దాం" అన్నారు. ఆ మాటలో వెక్కిరింత లేదు. వాళ్ళదీ మా పరిస్థితే. పేటలో వయసులు కూడా అలాగే లెక్కపెట్టేవారు. "వీడు కవళ్ళ ఏట పుట్టాడు", "దాన్ని చేప లేని ఏట తెచ్చుకున్నాం" అని. నేను ఏ ఏట పుట్టానో బడిలో వేసిన తారీఖు కన్నా మామ్మ చెప్పిందే నాకు నమ్మకం. రెండు పెద్ద వలలు తెగిపోయేంత కవళ్ళు పడ్డ ఏట పుట్టానట.

చేప లేని నెలల్లో ఇంట్లో ఏం జరిగేదో చెప్పాలి. అటక మీది కుండలో ఎండు కవళ్ళు, ఎండు నెత్తళ్ళు ఉండేవి. మామ్మ వాటిని చింతకాయ తొక్కుతో కలిపి దాకలో పులుసు పెట్టేది. మనిషికి ఒక్క చేప, పిల్లలకి చేపతో పాటు తల కూడా. పులుసు మాత్రం ఎంతయినా పోసుకోవచ్చు. ఆడవాళ్ళు అందరూ కలిసి గంగమ్మకి పసుపు కుంకుమ, కొబ్బరికాయ తీసుకెళ్ళి నీళ్ళలో వదిలేవారు. తాత మాత్రం గాలం తాడు తీసి బాగుచేసుకునేవాడు. కవళ్ళు లేకపోతే గులివిందలు, అవీ లేకపోతే పారలు. రెండు మూడు చేపలతో వచ్చినా రోజు గడిచేది. తెప్పకి డీజిల్ అక్కర్లేదు, అప్పు లేదు. ఒడ్డున ఎన్ని రోజులు పడుకున్నా ఎవరికీ వడ్డీ కట్టక్కర్లేదు. అలా ఆగేవారు. ఆగడం ఒక పనిగా చేసేవారు.

ఎందుకు రాలేదు తాతా అని అడిగితే ఒకటే జవాబు. "దాని ఊరు అది ఎల్లింది. మన ఊరు గుర్తొస్తే వత్తది."

*

పేటకి ఒకాయన వచ్చేవారు. చేతిలో పుస్తకం, కొలబద్ద, భుజానికి గుడ్డ సంచి. చేపల సర్వే ఆయన. మా వాళ్ళు లెక్కల బాబు అని పిలిచేవారు. పెద్ద చదువులు చదివి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నిలబడి, ఎన్ని తెప్పలు వెళ్ళాయి, ఏ వల వేశారు, ఎన్ని తట్టలు వచ్చాయి అని ఓపిగ్గా రాసుకునేవారు. తర్వాత ఒక తట్టలోంచి కొన్ని చేపలు తీసి ఒక్కొక్కటీ కొలిచేవారు.

మామ్మకి ఆయనంటే భయం. మనిషంటే కాదు, ఆ పుస్తకం అంటే. "నెక్కెడితే లచ్చిమి ఎలిపోద్ది బాబూ, నా తట్ట జోలికి రావద్దు" అని కొంగు కప్పేసేది. ఆయన నవ్వి, "సరేనమ్మా" అని పక్క తట్టకి వెళ్ళేవారు. రెండేళ్ళు అలాగే నడిచింది.

ఒక చేప లేని ఏడు, ఏమీ రాసుకోవడానికి లేకపోయినా ఆయన తన రోజుకి తను వచ్చారు. ఖాళీ ఒడ్డు మీద నిలబడి పుస్తకంలో సున్నా వేసుకున్నారు. మామ్మ అది చూసింది. చేప ఉన్నప్పుడు వచ్చేవాళ్ళు చాలామంది, లేనప్పుడు కూడా వచ్చింది ఈ బాబు ఒక్కడే అనుకుందో ఏమో, పిలిచి టీ ఇచ్చింది. మరుసటి ఏడు కవళ్ళు దిగినప్పుడు మొదటి పుంజీ తనే తీసి ఆయన చేతిలో పెట్టింది, కొలుచుకోమని.

ఆ పుంజీలో ఒక చేపని ఆయన నా ముందే కోశారు. నాకప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయి. పొట్టలో ఆకుపచ్చ పేస్టులాంటిది కనిపించింది. "ఇదే దాని అన్నం. సముద్రంలో కంటికి కనపడని మొక్కలు ఉంటాయి. అవి ఎక్కడ ఉంటే ఇది అక్కడికి వెళ్తుంది" అన్నారు. మా తాత చెప్పిన ఊరు అదేనేమో అని నాకు అనిపించింది. పదో తరగతి తర్వాత ఏం చదువుతావని ఎవరైనా అడిగితే చేపలు చదువుతాను అనేదాన్ని. పేటలో అందరూ నవ్వేవారు. ఇంట్లో ఉన్న చేపల్ని కాలేజీకి వెళ్ళి చదవడం ఏమిటని వాళ్ళ ఆశ్చర్యం.

*

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక విచిత్రం జరిగింది. కవళ్ళే వచ్చాయి, కానీ మా కవళ్ళు కావు.

మొదట పసిగట్టింది మామ్మే. తట్టలో చెయ్యి పెట్టి ఒకటి తీసి, తిప్పి తిప్పి చూసి, "ఇది మనది కాదే" అంది. చూపుకి కవళ్ళలాగే ఉంది. తల కొంచెం పొడుగు, ఒళ్ళు గుండ్రం, పట్టుకుంటే చేతికి జిడ్డు. ఇంటికి తెచ్చి దాకలో వేస్తే పులుసు మీద వేలి మందాన నూనె తేలింది. మామ్మ కంగారుపడి ఆ రోజు మాకు పెట్టలేదు. తను ఒక్కతే రెండు తిని, రాత్రంతా చూసుకుని, తెల్లారి అందరికీ పెట్టింది. వీధుల్లో కూడా మొదట్లో ఎవరూ కొనలేదు. చేదు అన్నారు, వాసన అన్నారు. ఒక సీజన్ గడిచేసరికి నూనె కవళ్ళు ఉన్నాయా అని వాళ్ళే అడగడం మొదలుపెట్టారు.

అది పడమటి సముద్రం చేప. కేరళలో మత్తి అంటారు, మంగళూరు వైపు బూతాయి అంటారు. మన దేశంలో దాని వేట దాదాపు అంతా ఆ ఒడ్డునే ఉండేది. మన తూర్పు తీరంలో అడపాదడపా తప్ప కనిపించేది కాదు. మా దగ్గర దొరికే కవళ్ళు దాని చుట్టాలు, సన్నవి, కొవ్వు తక్కువవి. 1980లలో మొదలుపెట్టి ఈ నూనె కవళ్ళు తమిళనాడు తీరంలోనూ, తర్వాత మన తీరంలోనూ గుంపులు గుంపులుగా పడటం మొదలైంది. నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించిన సంగతి ఏమిటంటే, ఈ చేపకి 1847లో శాస్త్రీయ నామం పెట్టింది పుదుచ్చేరిలో దొరికిన చేపని చూసి. సార్డినెల్లా లాంగిసెప్స్, అంటే పొడుగు తలది. మామ్మ తట్టలో చెయ్యి పెట్టి మొదట చెప్పిన గుర్తు కూడా అదే కదా. అంటే ఎప్పుడో ఒకప్పుడు ఇటు వచ్చి పోయిన చేపే. మన ఊరు దానికి మళ్ళీ గుర్తొచ్చింది.

*

యూనివర్సిటీలో జంతుశాస్త్రం చదువుతున్నప్పుడు ఒక్కో పేజీలో మా పేట కనిపించేది.

పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి, ఇక్కడి ఒడ్డుకి వచ్చిన రెండు వందల చేపలకి బొమ్మలు వేయించాడు. 1803లో అవి లండన్లో అచ్చయ్యాయి. వాటికి ఆయన రాసిన పేర్లలో చాలా మటుకు మన జాలర్లు చెప్పినవే. మా పేటలో కానాగంత అని, కొన్నిచోట్ల కానగుర్త అని పిలిచే చేపని ఇవాళ ప్రపంచంలో ఎక్కడైనా రాస్ట్రెల్లిగర్ కనగుర్త అనే అంటారు. రిబ్బన్‌లా పొడుగ్గా ఉండే సావళ్ళ పేరు కూడా అలాగే శాస్త్రంలోకి వెళ్ళింది. అది చదివిన సాయంత్రం ఇంటికి వచ్చి మామ్మకి చెప్పాను. ఆమెకి అదేమంత వింతగా అనిపించలేదు. "మరి ఇంకేటని పిలుత్తారు?" అంది.

లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1950లలో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి వాల్తేరు ఎదుటి సముద్రాన్ని కొలిచాడు. ఈ తీరానికి అవతల సముద్రం అడుగున ఉన్న లోయలకి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టింది ఆయనే. ఎండాకాలం మొదట్లో నైరుతి గాలి ఒడ్డు వెంట వీచినప్పుడు పైనున్న వెచ్చటి నీరు లోపలికి జరుగుతుందనీ, దాని చోటులోకి అడుగునున్న చల్లటి నీరు ఎరువు మోసుకుని పైకి వస్తుందనీ ఆ రోజుల్లోనే ఇక్కడ గమనించారు. ఆ ఎరువుతోనే కంటికి కనపడని మొక్కలు పెరుగుతాయి. మాస్టారు బోర్డు మీద బాణం గుర్తులు వేస్తుంటే నాకు మా తాత మోకాళ్ళు కనిపించాయి. అడుగు నీళ్ళు పైకొచ్చినాయి. ఆయన చెప్పింది అక్షరాలా అదే.

పడమటి ఒడ్డున ఈ నూనె కవళ్ళ చేప రాకడ పోకడల గురించి వందేళ్ళకు పైగా తల బద్దలుకొట్టుకున్నారు. మద్రాసు మత్స్య శాఖలో పనిచేసిన జేమ్స్ హోర్నెల్, రామస్వామి నాయుడు కలిసి 1924లో దాని జీవిత చరిత్ర రాశారు. 1940ల మొదట్లో చేప దాదాపు మాయమైపోతే, 1943లో మద్రాసు ప్రభుత్వం పిల్ల కవళ్ళని పట్టే వలల మీద ఆంక్షలు పెట్టింది. 1955లో నాయర్, సుబ్రహ్మణ్యన్ అనే ఇద్దరు ఫ్రాజిలేరియా ఓషియానికా అనే సూక్ష్మ మొక్క ఎక్కువగా ఉన్న నీళ్ళలో ఈ చేప ఎక్కువగా ఉంటుందని చూపించారు. లెక్కల బాబు నాకు చూపించిన ఆకుపచ్చ పేస్టు అలాంటి మొక్కలదే.

అసలు ఈ చేప బతికేదే రెండు మూడేళ్ళు. ఏడాది తిరిగేసరికి గుడ్లకి వస్తుంది. కాబట్టి ఒక్క ఏడు గుడ్లు చెడినా, గుడ్డులోంచి వచ్చిన పిల్లలకి సరైన తిండి దొరక్కపోయినా, ఆ మరుసటి ఏడే ఒడ్డున తెలిసిపోతుంది. బాగుంటే అంతే వేగంగా నిండిపోతుంది. వాన, గాలి, నీటి వేడి, ఎల్ నినో, అన్నీ దాని మీద పడతాయి. దశాబ్దాలు బతికే పెద్ద చేపల్లా ఒక చెడ్డ ఏడుని ఓర్చుకునే వయసు దానికి లేదు.

నేను తర్వాత జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ గడిపేశాను. పరిశోధన చేయలేకపోయాననే బాధ నాకు ఇప్పటికీ ఉంది.

*

బాబాయి సంగతికి వస్తాను. తాత తెప్పని బాబాయి పడవ చేశాడు. పడవకి మోటారు వచ్చింది. అప్పట్లో అది మా అందరికీ గర్వం. బాబాయి తండేలు, అంటే పడవకి పెద్ద, ఆయన కింద ఆరుగురు కళాసీలు. గంటలో వెళ్ళి గంటలో రావచ్చు. యారాడ కొండ కనిపించనంత దూరం వెళ్ళి కూడా భయం లేకుండా రావచ్చు. దాంతోపాటు అప్పు వచ్చింది. డీజిల్ ఖర్చు, ఐసు ఖర్చు, వల ఖర్చు. ఒక వారం చేప లేకపోతే బాబాయికి నిద్ర పట్టేది కాదు. తాతకి ఏడాది లేకపోయినా పట్టేది.

నాకు అర్థమైనంతలో మారింది ఇదే. కవళ్ళు రాకుండా పోవడం మాకు కొత్త కాదు. రాని ఏడు ఆగే దారి మూసుకుపోవడం కొత్త. ఆగలేనప్పుడు అరచేయంత చేపనీ వదలరు, వేలంత చేపనీ వదలరు. వాళ్ళని తప్పు పట్టడం నాకు చేతకాదు, అప్పు వాయిదా రోజు ఆ ఇంట్లో కూర్చున్నదాన్ని నేను. రింగు వలలు వచ్చాక గుంపు మొత్తాన్ని చుట్టూ మూసి కింద నుంచి బిగించి ఒక్కసారే ఎత్తేయడం వీలయింది. అవి ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య తగువులు. 2022 జనవరిలో ఇక్కడి సముద్రంలోనే పడవలకి నిప్పు పెట్టేదాకా వెళ్ళింది. ఒకే గంగమ్మకి మొక్కే పేటలు. ఆ వార్త చూసిన రోజు నేను అన్నం తినలేకపోయాను.

వేట నిషేధం కూడా పెరిగింది. నా చిన్నప్పుడు లేనే లేదు. తర్వాత నెలన్నర, 2015 నుంచి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా 61 రోజులు. అది మంచిదే అని నా నమ్మకం. ఆ రోజుల్లో ఇచ్చే భృతి వేళకి అందితే ఇంకా మంచిది.

హుద్‌హుద్‌ తుఫానుకి బాబాయి పడవ పోయింది. మళ్ళీ కొనలేదు. అప్పటికే వాళ్ళ పెద్దబ్బాయి మంగళూరు వెళ్ళి పెద్ద బోటు మీద పనిలో చేరాడు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా నేను మొదట అడిగేది పాత ప్రశ్నే. వాడుండే చోటుకి పక్కనే ఉన్న కేరళలో 2012లో ఒక్క ఏడాదిలో నాలుగు లక్షల టన్నులకి దగ్గరగా మత్తి పడింది. 2021 వచ్చేసరికి ఆ రాష్ట్రం మొత్తానికి 3,297 టన్నులు. ఈ రెండు అంకెల మధ్య తేడాని వాడు అంకెల్లో చెప్పలేదు. "అక్కా, హోటల్లో భోజనం పక్కన చేప ముక్క లేదే. ఇక్కడోళ్ళు ఏడుత్తున్నారు" అన్నాడు. తర్వాత మళ్ళీ పడటం మొదలైందని చెప్పాడు. పడ్డవాటిలో చాలా చిన్నవట. తినడానికి పనికిరానివి చేపల పిండి చేసే ఫ్యాక్టరీలకి లారీల్లో వెళ్తాయట. ఆ పిండి కోళ్ళకి, రొయ్యలకి మేత. మామ్మ మనిషికి ఒకటి చొప్పున లెక్కపెట్టి వడ్డించిన చేప అది.

*

పెద్దకర్మ భోజనాలయ్యాక పిన్ని దగ్గర కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. సాయంత్రం ఒడ్డు వైపు నడిచాం. లాసన్స్ బే వైపు రాళ్ళు, వెనక కైలాసగిరి మీద లైట్లు, మెరుస్తున్న కార్లు. తెప్ప దుంగలు ఆరబెట్టిన చోట సిమెంటు బల్లలు వేశారు. అయినా ఒక మూల నాలుగు ఫైబర్ పడవలు ఉన్నాయి. వాటి పక్కన వల దులుపుతున్న కుర్రాళ్ళు. వలలో అక్కడక్కడా చిక్కుకున్న వెండి.

పిన్ని దగ్గరికి వెళ్ళి ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. మామ్మ కూడా అలాగే చూసేది. వేళ్ళ మొదలు నుంచి మణికట్టు దాటితే మంచి చేప.

"దాటిందా?" అన్నాను.

"దాటింది" అంది పిన్ని. పదకొండు రోజుల తర్వాత ఆమె మొహంలో కాస్త వెలుగు చూశాను. ఆ కుర్రాళ్ళు బాబాయి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. డబ్బులు వద్దన్నారు. బలవంతాన ఇచ్చి ఒక సంచి నిండా తెచ్చుకున్నాను.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు. భీమిలి దగ్గర పాలెం అతను, వేట మానేసి వచ్చినవాడు. ఏడాదిగా ఇక్కడ చేస్తున్నాడు, మా ఇద్దరి మధ్య కరెంటు, నీళ్ళు తప్ప మాటలు లేవు. నా చేతిలో సంచి కేసి చూశాడు. గాలి పీల్చాడు.

"అమ్మా," అన్నాడు, "దిగాయా?"

అక్కడే మెట్ల మీద కూర్చుని, సంచి విప్పి, అతనికి రెండు పుంజీలు లెక్కపెట్టి ఇచ్చాను.